నిలకడగా ఉన్న అంకె

ల్యాబులో ఎవరో మీటరు తీగల కొనలు రెండూ తాకించారు. 'కీ'మని సన్నటి కూత. ఆ కూత వింటే నాకు ఇప్పటికీ నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్తేరక్క దుకాణం, అందులో కాలిన సోల్డరు వాసన గుర్తొస్తాయి. ఆంప్లిఫయర్లు, ఇన్వర్టర్లు బాగుచేసేది ఆమె. డిప్లొమా పట్టుకొని పనికి చేరిన నన్ను "ఇంజినీరూ" అని పిలిచేది. అది గౌరవమో, వెక్కిరింపో నాకు చివరిదాకా తేలలేదు.

నేను సొంతంగా చేసిన మొదటి వస్తువు అడవి పందులను బెదిరించే సైరన్. నిమిషానికోసారి పది సెకన్లు మోగి ఊరుకుంటుంది. నాగల్‌గిద్ద దగ్గర రెండెకరాల కంది వేసిన బసప్ప దాన్ని తీసుకెళ్లాడు. బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందని అడిగితే, రెండు మిల్లీ ఆంపియర్లే లాగుతోందని లెక్కకట్టి, నెలకు ఢోకా లేదన్నాను. మూడో నాడు కబురొచ్చింది: సైరన్ మూగబోయింది, ఆరు సాళ్ల కంది పందుల పాలైంది. కోతకింకా పదిహేను రోజులుంది. సైరన్‌ను దుకాణానికి తెప్పించి మళ్లీ కొలిచాను. రెండు, తొంభై, నూట నలభై, మళ్లీ రెండు. కొలత కాస్తా కలతైంది.

"ఏ అంకె రాసుకున్నవు?" అంది ఎస్తేరక్క.

"నిలకడగా ఉన్నదే అక్కా. ఎగురుతుంటే ఎట్ల రాస్తం?"

"ఎగిరినప్పుడే గద అది తినేది. నిద్రపోయేటోని పక్కకు కూసొని, వీడు తిండే తినడని రాసుకున్నవు." కాసేపు చెవి ఒగ్గి వింది. "ఇంకోటి. నీ మీటరు మధ్యల పెట్టంగనే సైరన్ గొంతు తగ్గుతుంది, విన్నవా? దానికి పొయ్యే దాంట్ల మీటరు కూడ ఇంత తింటుంది."

కొలిచేదే కొలతను చెడగొడితే ఇక దేన్ని నమ్మాలి?

"మరి మీటరు లేకుండ ఎట్ల కొలుస్తం?"

"కొలుస్తున్నమని దానికి తెల్వద్దు. బ్యాటరీ నిండ నింపు. గడియారం చూసుకో. అది ఆగేదాక పక్కకు కూసో."

పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాం. మధ్యాహ్నానికల్లా పక్క హోటలాయన వచ్చి నిలబడ్డాడు. "ఎస్తేరక్కా, గది నిమిషానికోసారి ఏడుస్తుంటే పందులేమో గని, నా గిరాకీ పారిపోతుంది."

"రేపటిదాక ఓర్సుకో. ఇంజినీరు సదువుకుంటుండు."

మర్నాడు పది గంటలకు సైరన్ గొంతు బొంగురుపోయి ఆగింది. ఇరవై అయిదు గంటలు. నేనేమో నెల అన్నాను. పెద్ద బ్యాటరీ పంపించి ఊరుకుందామా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "నువ్వే పోయి చెప్పు. అంకె నీదే గద."

సైరన్‌తో పాటు రెండు బ్యాటరీలు పట్టుకెళ్లి, చేను గట్టు మీద బసప్పకు చెప్పాను. తిడితే బాగుండనిపించింది. ఆయన తిట్టలేదు.

"నెల అన్నవని చేను మొఖం సూడలే. దినానికొక్కటని ముందే అంటే, దినాం మార్చుకుంటుంటి గద?"

సైరన్ ఎక్కువ తిన్నందుకు కాదు, తక్కువ తింటుందని నేను చెప్పినందుకు పోయింది ఆ కంది.

"గిప్పుడు చెప్పేదన్న నిజమేనా?"

"పక్కకు కూసొని చూసిన కాకా."

"హౌదా, అట్లనా," అని నా చేతిలోని రెండో బ్యాటరీ తీసుకున్నాడు. కోత దాకా రోజుకొకటి మార్చుకున్నాడు. తక్కిన సాళ్లు దక్కాయి.

ఎస్తేరక్క దుకాణం ఇప్పుడు లేదు, ఆమె కూడా లేదు. నేను పాఠం చెబుతున్నాను, అంటే నా అయోమయాన్ని పదిమందికి పంచుతున్నాను. ఇవాళ మీటరు కూయించిన అమ్మాయి రికార్డు పుస్తకం పట్టుకొని వచ్చింది. "సార్, అంకె ఆగుతలేదు. ఏది రాయాలె?"

ఇంకో స్టూలు లాక్కొని ఆమె పక్కన కూర్చున్నాను.