చీమ రానిదే వడ్డన లేదు

మోదుగాకు విస్తర్ల మీద నీళ్లు చల్లితే వచ్చే పచ్చి వగరు వాసన మొన్న ఆదివారం అశోక్‌నగర్‌లోని మా ఫ్లాటంతా నిండింది. ఆ విస్తర్ల కోసం చిక్కడపల్లి మార్కెట్లో దుకాణం దుకాణం తిరిగాను. అడిగినచోటల్లా వెండిరంగు కాగితం ప్లేట్లే చేతిలో పెట్టారు. ఇంత కష్టపడి తెచ్చిన ఆకుల వాసనకి నాలో ఏదో కదలాలి కదా, కదల్లేదు. ఎండాకాలంలో నా తమ్ముడు రవి, ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పటినుంచి నాకు ఏడుపు రాలేదు. చుట్టాలు గట్టి మనిషి అని మెచ్చుకున్నారు. గట్టితనం కాదది, మొద్దుబారడం.

విందు కావాలన్నది రవి కూతురు మేఘన. మూడో తరగతి చదువుతోంది. "అత్తా, నాన్న చెప్పిన ఏనుగు దావత్ మీ ఇంట్ల చేస్తవా?" అని ఫోన్లో అడిగింది. చేస్తానన్నాను. పని ఉంటే చేతులైనా ఆడతాయి.

ఏనుగు దావత్ మా నాయనమ్మ కథ. అప్పట్లో చిక్కడపల్లి గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. వానాకాలం వస్తే పైకప్పు రేకుల మోతకి ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు; పొయ్యి మీద మక్క గారెలు వేగే వాసన, దండెం మీద ఆరని బట్టల ముక్క వాసన, నారాయణగూడలో ప్రెస్సు పని ముగించుకుని సైకిలు మీద తడుస్తూ వచ్చిన నాయన చొక్కాకంటిన సిరా వాసన, అన్నీ కలిసిపోయి ఆ రెండు గదుల్లోనే తిరుగుతుండేవి. నాయనమ్మ ఒక కాలు బారజాపి, గోడకానుకుని, బుగ్గన వక్క పెట్టుకుని కథ మొదలుపెట్టేది.

అడవిలో ఏనుగు అందరినీ భోజనానికి పిలిచింది. చిలక మిరపకాయలు తెస్తే పచ్చిపులుసైంది. కోతి మొక్కజొన్న కంకులు తెస్తే మక్క గారెలయ్యాయి. ఎలుగుబంటి తెచ్చిన తేనె పరమాన్నంలో పడింది. విస్తర్లు వేశారు గానీ చీమ రాలేదు. చీమ రానిదే వడ్డన లేదంది ఏనుగు. ఎంతటి పులైనా మీసాలు నాక్కుంటూ కూర్చోవలసిందే. చివరికి చీమ రొప్పుతూ వచ్చి, ఆలస్యానికి కారణం ఏనుగేనంటుంది. పొద్దున ఏనుగు వేసిన అడుగులో వాననీళ్లు నిండి చెరువైందట, దాని చుట్టూ తిరిగొచ్చేసరికి ఇంతసేపైందట. అడవంతా పకపకా నవ్వితే ఏనుగు సిగ్గుపడి చెవులతో మొహం కప్పుకునేది.

మా ఇంట్లో చీమ రవి. గల్లీ చివర గోలీలాట వాడికి ఎప్పటికీ తెగేది కాదు. మేమందరం విస్తర్ల ముందు కూర్చుంటే నాయనమ్మ గారెల గిన్నె మీద మూత పెట్టి, "చీమ ఇంక రాలె. ఆగుండ్రి జర" అనేది. కాసేపటికి మోకాళ్లకి బురద, జేబులో గోలీల గలగలతో వాడు గడపలో నిలబడి, "ఏనుగు అడుగు అడ్డమొచ్చింది నాయనమ్మా!" అని అరిచేవాడు. నాయన కోపమంతా నవ్వులో కొట్టుకుపోయేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. గారెలు చల్లారగొట్టావని వాణ్ణి తిట్టిపోసేదాన్ని. వాడు మారలేదు. తన పెళ్లి మండపానికే ఆలస్యంగా వచ్చి, పీటల మీద కూర్చునే ముందు నా చెవిలో ఆ ఏనుగు అడుగు మాటే చెప్పాడు.

ఆదివారం విద్యానగర్ నుంచి మేఘన, వాళ్లమ్మ సుజాత వచ్చారు. సుజాత పచ్చిపులుసులోకి ఉల్లిగడ్డలు తరిగింది. నేను విస్తర్లు పరిచాను. పరిచాక చూస్తే ఒకటి ఎక్కువైంది. చేతులు వాటి అలవాటు కొద్దీ వేసేశాయి. తీయబోతే మేఘన ఆపింది.

"ఉండనీ అత్తా. అది చీమది."

అందరం కూర్చున్నాం. "ఇగ మొదలువెడ్దాం" అన్నాడు మా ఆయన మెల్లగా. "చీమ రాలె కదా మామా" అంది మేఘన. ఆట కాదది, నిజంగానే తలుపు వైపు చూస్తోంది. సుజాత తల వంచుకుంది. నాన్న ఇక రాడని ఆ పిల్లకి ఎవరో ఒకరు చెప్పాలి, పెద్దదాన్ని నేనే. గారెల గిన్నె మీద మూత మళ్లీ సర్దాను. చివరికి మేఘనే అడిగింది.

"అత్తా, నాన్నకు అడ్డమొచ్చిన అడుగు బాగ పెద్దదా? చుట్టు తిరిగి రానీకి కాదా?"

"తిరిగి రానీకి కాదు బిడ్డా" అన్నాను.

మేఘన తన విస్తరిని దగ్గరికి జరుపుకుంది.

"అయితే వడ్డించు. గారెలు సల్లవడితే అత్తకు మస్తు కోపమొస్తదని నాన్న చెప్పిండు."

వడ్డించాను. మొదటి గారె చీమ విస్తట్లోనే వేశాను. అప్పుడు కూడా ఏడుపు రాలేదు.

చిక్కడపల్లిలో మా ఇల్లు ఉన్నచోట ఇప్పుడు పరీక్షలకి చదువుకునే పిల్లల హాస్టల్ ఉంది. ఆ రేకులు లేవు, ప్రెస్సు లేదు, గల్లీలో గోలీలాడే చోటూ లేదు. ఆదివారం గారెలు ఎప్పుడో చల్లారిపోయాయి. తిడదామంటే మనిషి లేడు.