అయిదో వాచ్

మా అమ్మ పుష్పవతికి ఇంగ్లీషు రాదు. తెలుగు బైబిలు మాత్రం వేలు పెట్టుకుని గడగడా చదువుతుంది, బజారులో హిందీతో నెట్టుకొస్తుంది. ఇంగ్లీషు ఎమ్మే చేసి మా దీవిలో బాంబూఫ్లాట్ అనే ఊరి బళ్లో పాఠాలు చెప్పే నాకు అమ్మంటే ఆ విషయంలో కాస్త చిన్నచూపు ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా నాన్న జీవానందం దీవుల మధ్య తిరిగే ఓడలో ముప్ఫై నాలుగేళ్లు స్టీరింగు పట్టాడు. ఓడలో నాలుగేసి గంటల కాపలా డ్యూటీ ఉంటుంది. దాన్ని వాచ్ అంటారు, ఆ డ్యూటీ చేసే జట్టునూ వాచ్ అనే అంటారు. నాన్న జట్టులో ఒక ఆచారం ఉండేది. డ్యూటీ మారేటప్పుడు స్టీరింగు అందుకోవడానికి వచ్చినవాడు ఒక ఇంగ్లీషు వాక్యం తడబడకుండా చెప్పాలి: “వాచ్ ద వాచ్ ద వాచ్ ఆన్ వాచ్ వాచ్.” చెప్పలేకపోతే నిద్రమత్తు వదల్లేదని లెక్క. పోయి మొహం కడుక్కుని టీ తాగి రావాల్సిందే, అంతదాకా స్టీరింగు ఇవ్వరు.

వినడానికి పిచ్చివాడి గొణుగుడులా ఉంటుంది గానీ వాక్యంలో తప్పేమీ లేదు. మొదటి వాచ్ అంటే చూడు. రెండోది గడియారం. మూడోది కాపలా జట్టు, నాలుగోది వాళ్ల డ్యూటీ, చివరిది వాళ్లు చూడటం. డ్యూటీలో ఉన్న కాపలావాళ్లు చూసే గడియారాన్ని నువ్వూ చూడు అని మొత్తం అర్థం. ఇలాంటి మెలికల వాక్యాలంటే నాన్నకి ప్రాణం. ఓడలోంచి ఇంటికి మోసుకొచ్చి, ఫెర్రీలో పక్కన కూర్చున్న ప్రతివాడికీ అప్పజెప్పి, తిరిగి చెప్పమనేవాడు. చెప్పలేనివాడు టీ ఇప్పించాలి. ఆ వేగానికి ఎన్ని వాచ్‌లు వచ్చాయో ఎవరికీ అందేది కాదు గనక పంచాయితీకి అమ్మను కూర్చోబెట్టేవాడు. అమ్మ ఒళ్లో ఎడమచెయ్యి తెరిచి, ఒక్కో వాచ్‌కీ ఒక్కో వేలు ముడిచేది. పిడికిలి మూసుకుంటే నెగ్గినట్టు. నలభై ఏళ్ల కాపురంలో నాన్న చెప్పినప్పుడు ఆ పిడికిలి మూసుకోని రోజు లేదు.

పోయిన వానాకాలంలో నాన్న ఫెర్రీ ఆగే జెట్టీ మెట్ల మీద పాచికి కాలు జారి పడ్డాడు. తల వెనక బొప్పి కట్టింది, రక్తం రాలేదు. బట్టలు దులుపుకుని లేచి, కొంపలేం మునగలేదని తనే నవ్వాడు. రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడోరోజు పొద్దున తల బరువుగా ఉందనేసరికి అమ్మ పట్టుబట్టింది. ముగ్గురం ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున ఆసుపత్రికి బయల్దేరాం. దారి పొడుగునా అమ్మ ఆయన మొహం మీంచి కళ్లు తిప్పలేదు. నాకూ గుండె దడదడలాడుతూనే ఉంది గానీ, నా దడలో సగం ఇంట్లో దిద్దాల్సిన పరీక్ష పేపర్ల గురించి. నిజం ఒప్పుకోవాలి కదా.

కుర్ర డాక్టరు ఓపిక ఉన్నవాడే. పేరు, తారీకు అడిగాడు. చేతులు రెండూ ఎత్తించాడు, నవ్వమన్నాడు, గీత మీద నడిపించాడు. నాన్న అన్నీ సరిగ్గా చేశాడు. అక్కడితో ఊరుకుంటే జీవానందం ఎలా అవుతాడు? మా ఓడ పరీక్ష కూడా చూడండి సాబ్ అని ఆ వాక్యం గడగడా అప్పజెప్పాడు. డాక్టరు మెలిక విప్పలేక కనుబొమలు ముడిచి, నేను అర్థం చెప్పాక పగలబడి నవ్వాడు. ఇంత చురుకైన బుర్రకి ఏమవుతుంది అంకుల్ అని మాత్రలు రాసి, వాంతులైతే మళ్లీ రమ్మన్నాడు. నా గుండెల మీంచి బరువు దిగింది. నాలుగింటి ఫెర్రీ దొరుకుతుందని సంచీ సర్దాను.

అమ్మ లేవలేదు. ఒళ్లో ఉన్న ఎడమచేతి వంకే చూస్తోంది. చిటికెన వేలు నిలబడి ఉంది.

“మీ నాన్న నాలుగే అన్నారే అబిగేలూ,” అంది నాతో.

నేను విసుక్కున్నాను. డాక్టరే బాగుందంటే మధ్యలో నీ లెక్కేమిటి, ఇంగ్లీషు నీకేం తెలుసు అని కూడా అనేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. అమ్మ నన్ను పట్టించుకోలేదు. ఏనాడూ ఎవరి ముందూ గొంతు పెంచని మనిషి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“సాబ్, చార్ బోలా. పాంచ్ హోనా.”

అయిదుకి నాలుగే అన్నవాడికి ఓడలో స్టీరింగే ఇవ్వరు, ఈయన్ని ఇంటికెలా పంపుతారని తన వచ్చీరాని హిందీలో నిలదీసింది. డాక్టరు ఆమె తృప్తి కోసం నాన్నను మళ్లీ చెప్పమన్నాడు. నాన్న ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఈసారి నేనూ లెక్కపెట్టాను. నాలుగే. చివరి వాచ్ లేదు. నన్ను భయపెట్టింది అది కాదు. చెప్పేసి, నెగ్గినవాడిలా అమ్మ పిడికిలి కోసం చూశాడు. ముడుచుకోని ఆ వేలు కనబడింది.

“ఏమే పుష్పా, వేళ్ల గిన్తీ మర్చిపోయావా?” అన్నాడు.

సర్దిన సంచీ కింద పెట్టేశాను.

డాక్టరు ఈసారి నవ్వలేదు. ఎప్పుడూ అయిదేనా ఆంటీ అని అడిగాడు. అమ్మ తలూపింది. రాసిన కాగితం వెనక్కి తీసుకుని స్కానింగుకి పంపాడు. దెబ్బ తగిలినచోట లోపల రక్తం కొద్దికొద్దిగా చేరుతోందట. ఆ సాయంత్రమే ఆపరేషను. బయట బెంచీ మీద అమ్మ పెదాలు కదుపుతుంటే ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను. దగ్గరికెళ్లి వింటే ఆ అయిదు వాచ్‌లే. వేళ్లు ముడవడం, తెరవడం, మళ్లీ ముడవడం. దేవుడికి ఆ భాషా తెలుసులే అని పక్కన కూర్చుని నేనూ వేళ్లు ముడిచాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. మా నాన్న నోరు జారబట్టే బతికాడు.

నెల తిరిగేసరికి ఇంటికొచ్చాడు. మాట కొంచెం నెమ్మదించింది. అప్పట్నుంచి మా ఇంట్లో కొత్త ఆచారం. పొద్దున మంచం దిగకముందే ఆయన వాక్యం చెప్పాలి, ఆ తరవాతే టీ. అమ్మ పక్కన స్టూలు వేసుకుని చెయ్యి తెరుస్తుంది. వంటింట్లో నేను గరిటె ఆపేస్తాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ నాలుగుకీ అయిదుకీ మధ్య ఎంత దూరమో మా ఇద్దరికే తెలుసు.

ఒకనాడు నాన్నకి పాత చిలిపితనం తిరిగొచ్చింది. నాలుగు చెప్పి కావాలని ఆగిపోయాడు. అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. లేవబోయి మంచం పట్టె పట్టుకుంది. నాన్న నవ్వబోయి, ఆ మొహం చూసి గబగబా అయిదోది చెప్పేశాడు. ఒకసారి కాదు, మొదట్నుంచీ నాలుగైదుసార్లు చెప్పాడు. అమ్మ వినలేదు. ఆ వేలు ముడవలేదు. చివరికి ఆయనే తన చేత్తో దాన్ని మెల్లగా ముడిచి, ఆ పిడికిలిని రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

“ఇంకెప్పుడూ చెయ్యనే,” అన్నాడు.

అమ్మ ఏడుస్తూనే టీ పెట్టడానికి లేచింది. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చి, చెయ్యి తెరిచి కూర్చుంది.