చావింట్లో చాయ్

ఐర్లండ్ ఏ దిక్కున ఉందో మా అత్తమ్మకు తెలియదు. కానీ అక్కడి ఒక రచయిత్రి ఇంటి గుట్టు మాత్రం నాందేడ్ మొత్తంలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దానికి కారణం నేనే. కాలేజీలో మరాఠీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, ఇంటికొచ్చి తెలుగు రాసుకునే మనిషిని. ఆ రచయిత్రి కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. రాసింది రాసినట్టు కూర్చొని వినే ఓపిక మా ఇంట్లో అత్తమ్మకు తప్ప ఇంకెవరికీ లేదు.

ఆ రచయిత్రిది సముద్రం పక్కన చిన్న ఊరు. నలుగురు పిల్లల తల్లి. ఇంట్లో గోల తట్టుకోలేక, వాకిట్లో నిలిపిన కారులో కూర్చొని మొదటి పుస్తకం రాసిందట. అది చెప్పగానే అత్తమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది.

"అయ్యో, ఇంట్ల గింత జాగ దొరకలేదా? మొగడేం జేస్తడు?"

"బడిల సారట అత్తమ్మా."

"మరి పిల్లల్ని ఆయన పట్టుకుంటే ఏం పోయింది?"

ఈ ముక్క ఆమె తన కొడుకుతో ఏనాడైనా అని ఉంటే నేను ఈపాటికి పది పుస్తకాలు రాసేదాన్ని. పైకి అనలేదు. అంటే ఆ పూట కథ వినేవాళ్లుండరు.

అక్కడ ఎప్పుడూ వానే అంటే అత్తమ్మకు మహా కుళ్లు. మే నెలలో కూలర్ ముందు కాళ్లు చాపుకొని, "ఒక్క వారం ఇటు తోలుమను, మళ్ల పంపిద్దాం" అనేది.

అసలు పేచీ కథ సగంలో వచ్చింది. కథలో తండ్రి పోతాడు. శవం ముందు గదిలో ఉంటుంది. ఊరు ఊరంతా వచ్చి కూర్చొని ముచ్చట్లాడుతుంది, నవ్వుతుంది కూడా. పెద్ద కూతురు వంటింట్లో చాయ్ కాస్తూనే ఉంటుంది, అందరికీ పోస్తూనే ఉంటుంది. అత్తమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఆగాగు. పీనుగు ఇంట్ల ఉండంగ పొయ్యి ముట్టిచ్చిందా?"

"గా దేశంల గంతేనట."

"ఏం దేశమే అది! మన దిక్కు పీనుగు లేసేదాంక పొయ్యి ముట్టిస్తరా? పక్కింటోళ్లే గద శనగపిండి పిట్ల, జొన్నరొట్టెలు తెచ్చేది! నాయిన సస్తే చాయ్ కాస్తదా? గా పిల్లది రాతి గుండె. నేను ఇనను పో."

రేపు చదివే తెలుగువాళ్లూ ఇదే అంటారు. కథకు ప్రాణం ఆ కూతురే. ఆమెను రాతి గుండెది అనుకుంటే కథ అక్కడికక్కడే చస్తుంది. అందుకని తెలివి ఉపయోగించి, నా అనువాదంలో పొయ్యి ఆర్పేసి, పక్కింటావిడ చేత థర్మాస్‌లో చాయ్ తెప్పించాను. అత్తమ్మ "ఇప్పుడు సక్కగున్నది" అని మెచ్చుకుంది. చక్కగా ఏముంది, నా బొంద! చాయ్ కాసే పని పోయేసరికి ఆ పిల్ల కథలో ఏం చేయాలో తోచక గోడకు ఆనుకొని నిలబడిపోయింది.

ఇక లాభం లేదని రచయిత్రినే అడిగాను. వీడియోలో మాట్లాడదామంది. మాకు మధ్యాహ్నం, వాళ్లకు పొద్దున. అత్తమ్మ ఇస్త్రీ చీర కట్టుకొని, పిలవకుండానే నా పక్కన కుర్చీ వేసుకుంది. తెర మీద రేగిన జుట్టుతో ఒకావిడ, ఆమె వెనక కిటికీలో వాన. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ముందుకు వంగింది.

"ఓ బిడ్డా, నాయిన సచ్చిపోతే పొయ్యి ఎట్ల ముట్టిస్తరు? మీకు బుద్ధి జ్ఞానం ఉన్నదా లేదా?"

మీ ఆచారాల గురించి మా అత్తగారికి ఎంతో ఆసక్తి అని నేను ఇంగ్లీషులో చెప్పాను. అనువాదకులు అబద్ధాలాడతారన్న నింద ఊరికే రాలేదు.

ఆవిడ అత్తమ్మ ముఖం చూసి అసలు మాట పట్టేసినట్టుంది, పడీ పడీ నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పింది, ఆ కూతురు తనేనట. తండ్రి పోయిన రోజు తను చేసిన పని చాయ్ కాయడం ఒక్కటే. గిన్నె దించితే ఆ గదిలోకి వెళ్లాలి, ఆయన్ని చూడాలి. అందుకని దించలేదు. చివరికి ఎవరో తన చేతికే ఒక కప్పు ఇచ్చారట. అది తాగుతుంటే అప్పుడు ఏడుపొచ్చిందట. ఈసారి ఏమీ కల్పించకుండా ఉన్నదున్నట్టు అత్తమ్మకు చెప్పాను.

అత్తమ్మ తెరకు దండం పెట్టింది. ఆవిడా తిరిగి పెట్టింది. ఫోన్ అయిపోగానే అత్తమ్మ కుర్చీ నా పక్క నుంచి దూరంగా జరుపుకుంది.

కోపమొచ్చిందేమో అనుకున్నాను. "థర్మాసే ఉంచుతా తియ్యి అత్తమ్మా" అన్నాను.

"వద్దు. గా పిల్లనే కాయనియ్యి."

మామయ్య పోయి రెండేళ్లు. ఆ రోజు సంగతి అత్తమ్మ ఎన్నడూ ఎత్తలేదు. ఇప్పుడు కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఎత్తింది.

"మీ మామను ముంగట పండవెట్టిన్రు. అందరు నా మీద వడి ఏడుస్తున్నరు. నాకేమో ఒక్కటే యాది, చాయ్. గొంతు ఎండుకపోయింది. అడుగుదామంటే సిగ్గు. మొగడు సచ్చిననాడు చాయ్ అడిగిందంటరని. అప్పటిసంది నాదే రాతి గుండె అనుకుంటున్న."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె చేయి పట్టుకొని, అట్లెందుకు అనుకున్నవు అత్తమ్మా అన్నాను.

"రోజు పొద్దుగాల చాయ్ మీ మామనే కాసి ఇస్తుండె బిడ్డా. గా పొద్దు ఎవ్వలు కాయలే" అంది.