మా అత్తది కక్కుర్తి కాదు

మొన్న సెలవులకి వచ్చిన మా అమ్మాయి హాస్టల్ సంచి విప్పితే, మడతపెట్టిన బట్టల అడుగు నుంచి పాతబడ్డ నేతి వాసన గుప్పున కొట్టింది. ఖాళీ మిఠాయి పెట్టెలు, నలిపి కుక్కిన బిస్కెట్ కాగితాలు. అమ్మాయి గుమ్మంలో నిలబడి నా మొహంలోకే చూస్తోంది. ఆ చూపు నేనెరుగుదును.

నా చిన్నప్పుడు బొబ్బిలిలో మా బెల్లం కొట్టు వెనకే ఇల్లు. ఎండాకాలం వస్తే బెల్లం దిమ్మలు చెమర్చి గోనెలు తడిసేవి, గోడల నిండా చీమల బారులు, ఇల్లంతా తీపి ఉక్క. పెళ్లిళ్ల రోజుల్లో పెరట్లో గాడిపొయ్యి తవ్వి, అరిసెలు, సున్నుండలు, పిడికిలంత లడ్డూలు చేసి, కొత్త వెదురు బుట్టల్లో పేర్చి గాదె పక్క గదిలో పెట్టేవారు. మగపెళ్లివారి వీధిలో ఇంటింటికీ పంచవలసిన సారె అది. బుట్ట వెలితిగా వెళ్తే ఇంటి పరువు పోయినట్టే.

నాన్న చెల్లెలు సత్యవతత్త, భర్త పోయి మా ఇంట్లోనే ఉండేది. మా అక్క పెళ్లి సారె బయలుదేరే రోజు మధ్యాహ్నం, గోళీ వెతుక్కుంటూ ఆ గదిలోకి వెళ్లి ఆమెను చూశాను. బుట్ట ముందు కూర్చుని నమలకుండా మింగుతోంది. రుచి తెలుస్తున్న మొహం కాదు. కళ్లు కారుతున్నాయి, చెయ్యి ఆగడం లేదు.

"ఒరే, నా సెయ్యి పట్టుకోరా" అంది.

నేను నాయనమ్మ దగ్గరికి పరుగెత్తాను.

సాయంత్రం చుట్టాలందరి ముందూ వెలితి బుట్ట వాకిట్లోకి వచ్చింది. ఆకలి దయ్యం పట్టిందని నాయనమ్మ అత్తకి ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. అప్పటికే మందు వేసుకున్న నాన్న అరుగు మీద తూలుతూ, "దయ్యమూ లేదు, ఏటీ లేదు. ఒట్టి కక్కుర్తి" అన్నాడు.

అత్త తలెత్తింది. "సందేలైతే నీ సేతులు వొణుకుతాయి కదా అన్నియ్యా. నాకూ అలాగే వొణుకుతాయి. నీదైతే అలవాటు, నాదైతే కక్కుర్తేటి?"

"సీసాకీ సున్నుండకీ సుట్టరికం కలిపేసిందిరోయ్!" అన్నాడు బుట్టలు మొయ్యడానికి వచ్చిన కావిడివాళ్లలో ఒకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాన్న తాగుడు మగవాడి అలసట కింద చెల్లిపోయింది. తూలితే చాప పరిచేవారు. అత్తని మాత్రం వంటింటి గడప తొక్కనివ్వలేదు. పెరటి వసారాలో, పెట్టినంతే తినేది. పిల్లలం కక్కుర్తత్త అనేవాళ్లం. ఆ పేరుతోనే పోయింది. నేనూ సీసా పట్టి, మానలేక ఆసుపత్రిలో పడ్డాక గానీ ఆమె మాట నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ పెరట్లో ఫోన్ల దుకాణం ఉంది. సారె మిఠాయిలు అట్టపెట్టెల్లో వచ్చేస్తున్నాయి. ఆమెను వెక్కిరించినవాళ్లలో ఊళ్లో మిగిలింది నేనొక్కణ్ణే.

"తిడతావా నాన్నా?" అంది అమ్మాయి.

"లేదమ్మా. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడుగుతారు. నా వైద్యమప్పుడు మీ తాత పేరొక్కటే చెప్పాను. ఈసారి మా అత్త పేరు కూడా చెబుతాను."