కడదాకా చూసి చెప్పే మనిషి

పోయిన మంగళవారం పొద్దున హిందూపురం స్టేషన్లో ధర్మవరానికి టికెట్టు తీసుకుని బెంచీ మీద కూర్చున్నాను. చెల్లెలు ఫోన్ చేసింది. అక్కడ ఆస్పత్రిలో ఉన్న వాళ్లమ్మ, అంటే మా చిన్నమ్మ, పోయిందని చెప్పింది. ఇడ్లీ అడిగిందట. తెచ్చేలోపలే కన్ను మూసిందట. చూడడానికి బయలుదేరినవాణ్ణి, సాగనంపడానికి అదే బండెక్కాను.

ఆమె మా అమ్మకు చెల్లెలు. పెనుకొండలో నలభై ఏళ్లు చిల్లరంగడి నడిపింది. చిన్నాయన తొందరగా పోయాక కూడా ఆ అంగడి తలుపు ఒక్కరోజూ ఆలస్యంగా తెరుచుకోలేదు. చదివింది ఏడో తరగతి. బియ్యం బస్తాల పైన చెక్క అరలో ఒక చిన్న టీవీ ఉండేది. సబ్బుకో చింతపండుకో వచ్చినవాళ్లకు, సామానుతో పాటు ఆమె అభిప్రాయం కొసరుగా దొరికేది.

సీరియల్లో కోడలు వెక్కివెక్కి ఏడుస్తుంటే, ‘కాటుక కరగలేదంటే ఆ పిల్ల ఏడుస్తా లేదు’ అనేది. ఇరవై మందిని కొట్టిన హీరో చొక్కాకు ఇస్త్రీ ఎట్లా నలగదని అడిగేది. పుట్టిల్లు హిందూపురం కాబట్టి కన్నడ పాటలూ ఆమెకు నోటికి వచ్చు. ఈ కాలం పాటల మీద కోపం లేదు గానీ, పాడేవాడికి ఊపిరి తీసుకునే తావు కూడా ఇవ్వరని జాలిపడేది. ఒకరోజు తిట్టిన సినిమాను మరుసటి రోజు మెచ్చుకునేది. ఇదేంది చిన్నమ్మా అంటే, ‘నిన్న సగమే చూసింటి’ అనేది.

ఒకసారి ధర్మవరంలో చెల్లెలి ఇంటికి పోయినప్పుడు అందరం సినిమాకు వెళ్లాం. విశ్రాంతికే సగం హాలు ఖాళీ అయింది. నేనూ లేచాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“బాగలేదని చెప్పాలన్నా కడదాకా చూడల్ల.”

బయటికి వచ్చాక, చివర్లో రెండు నిమిషాలు కనిపించిన ముసలి వాచ్‌మన్ మాత్రం నిజమైన మనిషిలా ఉన్నాడని చెప్పింది. అతన్ని నేను గమనించనే లేదు.

నేను కాలేజీలో తెలుగు చెప్తాను. ఒక పత్రిక ఆదివారం పేజీలో పుస్తకాల గురించి రాస్తాను. నాలుగేళ్ల కిందట ఎనిమిది వందల పేజీల నవల ఒకటి సమీక్షకు వచ్చింది. కథ ముందుకూ వెనక్కూ పోతుంది, ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు, ఒక్కో వాక్యం పేజీ పొడుగునా సాగుతుంది. నూట యాభై పేజీల దగ్గర నా ఓపిక అయిపోయింది. ముందుమాట చదివి, అట్ట వెనక ఉన్న నాలుగు మాటలు చదివి, గొప్ప నవల అని రాసేశాను. ముగింపులో తల్లి క్షమించే తీరు మరిచిపోలేనిదని కూడా రాశాను. ఇలాంటి నవలల్లో చివర ఎవరో ఒకరు క్షమిస్తారు కదా అనే ధైర్యం.

చిన్నమ్మ అది చదివి, పుస్తకం తెచ్చిమ్మంది. కష్టమని చెప్పాను. అయినా తెమ్మంది. ఆరునెలలు పట్టింది ఆమెకు. మధ్యలో కంటికి శుక్లాల ఆపరేషన్. కట్టు విప్పిన వారానికే మళ్లీ మొదలుపెట్టింది. అర్థం కాని పేజీని రెండోసారి, అప్పటికీ కాకపోతే మూడోసారి, పెదవులు కదుపుతూ చదివేదని చెల్లెలు చెప్పింది.

ఒక ఆదివారం నేను పోయేసరికి అంగట్లో ఎవరూ లేరు. నవల ఆమె ఒళ్లో ఉంది.

“కడాకు తల్లి క్షమించిందని రాసినావే. ఆ తల్లి యాడుండాది రా? నడమనే చచ్చిపాయ కదా.”

ఏదో మాటవరసకు అట్లా రాశానని అనబోయాను. ఆమె ముఖం చూసి అనలేకపోయాను. చదవలేదని ఒప్పుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ పేపరు ముక్క పట్టుకుని, మా అక్క కొడుకు రాసినాడని వీధిలో ప్రతి ఒక్కరికీ చూపించానని మాత్రం చెప్పింది. పుస్తకం నా చేతిలో పెట్టి, “చదువు. చదివి, అప్పుడు చదవలేదని అదే పేపర్లో రాయి” అంది.

నా పేరు పోతుందన్నాను. “ఉంటే కదా పోయేది” అంది చిన్నమ్మ.

రెండు నెలలు పట్టింది నాకు. మూడు వందల పేజీలు దాటాక, ఎవరు మాట్లాడుతున్నారో చెవికి తెలియడం మొదలైంది. తల్లి చనిపోయే పేజీని చిన్నమ్మలాగే రెండోసారి చదివాను. ఎడిటర్‌కు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఎవరూ గమనించనిదాన్ని మనమే ఎందుకు చెప్పుకోవాలని ఆయన అన్నాడు. మూడు వారాలు వెంటపడితే, చదవకుండా రాశానని నేను ఒప్పుకున్న నాలుగు వాక్యాలు ఒక మూలన వేశాడు. కాలేజీలో నవ్వారు. చిన్నమ్మ ఆ పేపరూ తీసుకుని వీధంతా చూపించింది. నాకు సిగ్గుగానే ఉండింది, కానీ ఆ రోజు నుంచి ఆమె ఎదురుగా కూర్చోవడం తేలికైంది.

ఇంతకీ ఆ నవల నీకు నచ్చిందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. “నచ్చలే. కానీ రాసినాయప్ప కష్టపడినాడు. మనమూ రవంత పడల్ల కదా.”

ఇప్పుడు నా బల్ల మీద మరో లావుపాటి నవల ఉంది. ఎల్లుండికి సమీక్ష కావాలని పత్రికవాళ్లు అడిగారు. ఇవ్వలేనని చెప్పాను. ఇంకా సగం మిగిలింది. అది అయ్యేదాకా ఒక్క వాక్యం కూడా రాయను. బాగుందనైనా, బాగలేదనైనా, చివరి పేజీ చదివాకే.

చిన్నమ్మను చివరిసారి చూసింది ఆమె పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డులో. గోడ మీద టీవీలో ఏదో సీరియల్ వస్తోంది. రోగులకు ఇబ్బందని శబ్దం తీసేశారు. చిన్నమ్మ దిండుకు ఆనుకుని, చేతికి సెలైన్ సూదితోనే, తెర మీద పెదవులు కదిలినప్పుడల్లా అత్తకు ఒక గొంతుతో, కోడలికి ఒక గొంతుతో మాటలు కల్పించి చెబుతోంది. పక్క మంచాలవాళ్లు ఆమె వైపు తిరిగి పడుకుని వింటున్నారు. మాత్రల ట్రేతో వచ్చిన నర్సు, అత్త ఏం జవాబిస్తుందోనని, వార్డు మధ్యలోనే ఆగి నిలబడింది.