మన్ను తినని చీర

తొంభైల మొదట్లో నేను పెళ్లై సాలూరు వచ్చేనాటికి మా ఆయన సంతల్లో బట్టలమ్మేవారు. కొట్టంటూ లేదు. వారంలో ఆరు రోజులూ ఆరు ఊళ్ల సంతలు. నాకేమో ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాదు. మూడో నెలలోనే పాచిపెంట కొండల మీద జరిగే ఒక చిన్న సంతను నాకు అప్పజెప్పి, ఆయన మిగతా ఊళ్లు చూసుకున్నారు. పొద్దున్నే మూటల మీద కూర్చుని జీపులో ఘాటీ ఎక్కి, మంచు విడిచే వేళకు టార్పాలిన్ పరిచేదాన్ని. కొన్నాళ్లకు అక్కడివాళ్లు నన్ను 'బట్టలమ్మ' అనడం మొదలుపెట్టారు.

నేను అమ్మినవన్నీ మిక్సింగ్ బట్టలు. నూలులో పాలిస్టర్ కలిపినవి కొన్ని, పూర్తిగా పాలిస్టరే కొన్ని. వాటి మీద నాకు నిజంగానే నమ్మకం ఉండేది. వానాకాలమంతా ఆ కొండల్లో ఏ బట్టా సరిగా ఆరదు. తడి నూలుచీర ఒంటి మీదే ఆరాలి. నా చీర ఉతికి పొద మీద వేస్తే అన్నం ఉడికేలోగా ఆరిపోయేది. "చిరగదు, వెలవదు, కుళ్లదు!" అని అరిచి మరీ అమ్మేదాన్ని.

సంతకు ఎగువన, వాగు దాటాక, ఒక నేతగాడి ఇల్లుండేది. మంచినీళ్ల కోసం మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు అతను గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. నడుం దాకా నేలలో దిగబడినట్టు కనిపిస్తే ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను. పక్కనే అతని భార్య, తొడ మీద దసలి పట్టు పోగు పేనుతోంది. అడవిలో మద్దిచెట్ల మీద దొరికే పట్టుకాయలవి. పురుగు తొలుచుకుని ఎగిరిపోయిన కాయలే ఏరుకొచ్చేవారు. బట్టంతా నూలు, అంచుకు దసలి, తొగరు వేరుతో వేసిన ఎర్రమట్టి రంగు. ఒక్క బట్ట నేయడానికి ఇరవై రోజులు పట్టేది.

"ఎన్నాళ్లు మన్నుతుంది తాతా?" అని అడిగాను.

"ఐదారేళ్లు. ఆ మీద పసిపిల్లలకి పక్కగుడ్డ అవుతాది. ఆ మీద మసిగుడ్డ. ఆకరికి పసుపు మడిలో పారేత్తాం. మరుసటేటికి వెతికినా పోగు కనపడదు" అన్నాడు. తర్వాత నా మూట వైపు చూసి, "నీ బట్టకి ముసలితనం నేదంట గదా?" అన్నాడు.

అది పొగడ్తే అనుకుని నవ్వాను.

నాలుగేళ్లలో అతని మగ్గం ఆగిపోయింది. కళ్లు మసకబారడం ఒక కారణం, నేను రెండో కారణం. అతను నన్ను ఒక్క మాటా అనలేదు. అతని కోడలు కూడా నా దగ్గరే చీరలు కొనేది. సంత రోజున వాళ్లింట్లోనే చద్దన్నం తినేదాన్ని. ముసలమ్మ నాకు వెదురుకొమ్ముల కూర దాచి ఉంచేది.

ఒక వానాకాలం, సంతనాడే, ముసలమ్మ చనిపోయింది. కోడలు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. నేను వెళ్లేసరికి తాత చెక్కపెట్టె ముందు కూలబడి ఉన్నాడు. చావునాడు కప్పాలని భార్య కోసం తానే నేసి దాచిన బట్టకు చెదలు పట్టింది. చేతిలోకి తీస్తే మట్టిపొడిగా రాలిపోయింది.

"బేగి ఏదైనా ఇయ్యమ్మా" అన్నాడు.

నా మూటలో నెమలికంఠం రంగు చీర ఒకటుంది. అన్నిటికంటే మంచిది అదే. దాని చివర పోగులు లేచిపోతుంటే అక్కడే కూర్చుని మడిచి కుట్టాను. నీలం దారం లేక ఎర్రదారంతో కుట్టాను. నేనూ కోడలూ కలిసి ముసలమ్మకు ఆ చీర కట్టాం. నున్నటి బట్ట, చల్లబడిన ఒంటి మీద నిలవలేదు. పెట్టిన కుచ్చెళ్లు పెట్టినట్టే జారిపోయేవి. ఎవరో లోపలి నుంచి మెల్లగా తోసేస్తున్నట్టు ఉండేది. చివరికి నా జాకెట్టుకున్న పిన్నీసులు తీసి పెట్టాను. వాగు ఒడ్డున, వాళ్ల పెద్దలను పెట్టే చోటే పూడ్చారు.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి మూడు రోజులు ఆగకుండా వాన పడింది. నాలుగో రోజు సంతకు వెళ్తే ఘాటీలో కొండచరియ విరిగి జీపు ఆగిపోయింది. మూట నెత్తిన పెట్టుకుని నడిచాను. సంతలో జనం ఉన్నారు గానీ ఎవరూ వాగు వైపు చూడడం లేదు. ఎగువ ఊరివాళ్లు కూడా చుట్టుదారిలో దిగివస్తున్నారు. నేను పలకరిస్తే తలవంచుకుని పక్కకు తప్పుకున్నారు.

కోడలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఒక్కసారి రా. మా అత్త బయటికొచ్చేసినాది."

మధ్యాహ్నమే అయినా మంచు దట్టంగా ఉంది. వాగు ఒడ్డు సగం కోసుకుపోయింది. మనిషెత్తు మట్టిగోడలోంచి నీలిరంగు బట్ట వేలాడుతోంది, కొస నీళ్లలో తేలుతూ. గాలి లేదు. నీటి ఊపుకు అది లోపలికీ బయటికీ కదులుతుంటే ఊపిరి తీస్తున్నట్టుంది. రంగు ఒక్క పిసరు వెలవలేదు. నీళ్లలో తిరగబడిన కొసన ఎర్రదారం కుట్టు కనిపించింది. నా కుట్టు నేను గుర్తుపట్టనా?

తాత అప్పటికే ఒడ్డున కూర్చుని ఉన్నాడు. చూపు దాదాపు పోయింది. చేత్తో తడుముతూ ఆ బట్టను మెల్లగా లాగాడు. లోపల ఎముకముక్క కూడా లేదు. మెత్తటి నల్లమట్టి, తుప్పుపట్టిన రెండు పిన్నీసులు. కుచ్చెళ్లు మాత్రం మేం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అన్నిటికంటే నన్ను భయపెట్టింది చెట్టువేళ్లు. అవి బట్ట దాకా వచ్చి, దాన్ని తాకి, పక్కకు తిరిగి, చుట్టూ అల్లుకుపోయాయి. ఒక్కటి కూడా లోపలికి వెళ్లలేదు. మట్టిలో మనిషి ఆకారం ఖాళీగా మిగిలింది.

చనిపోయినవాళ్ల ఆత్మను అక్కడ డుమ్మ అంటారు. ఊళ్లో ఆ మాటే నడుస్తోంది. ముసలమ్మ డుమ్మ వెళ్లలేదని, ఇన్నేళ్లూ ఆ మూటలోనే ఉండిపోయిందని.

"నేలతల్లి నా ముసలిదాన్ని తీసుకున్నాది. బట్టనే తీసుకోనేదు" అన్నాడు తాత. "ఒంటిమీది బట్ట మన్నయితేనే డుమ్మ ఎల్తాది. ఇదెప్పుడు మన్నవుతాదమ్మా?"

ఎప్పుడు మన్నవుతుందో తెలియని సరుకునే పదేళ్లుగా అమ్ముతున్నానని అప్పుడు తట్టింది.

తాత కొడుకు దాన్ని కాల్చేద్దామన్నాడు. చీర ఒక మూల ఆరబెట్టి నిప్పు పెట్టారు. మండలేదు, ముడుచుకుంది. నల్లటి చుక్కలు కారి రాతి మీద పడి పూసల్లా గట్టిపడ్డాయి. ఆ వాసనకు కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా వెళ్లిపోయింది. తాత నిప్పు ఆర్పించి బట్టను నా చేతిలో పెట్టాడు.

"నీది నువ్వు పట్టుకెల్లిపో. నాకు నూలు తెచ్చియ్యి. కోడలు నేత్తాది, నాను పక్కన కూకుని సెప్తాను."

ఆ చీరను గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఇంట్లోకి తేవడానికి మనసొప్పక పెరట్లో రెండుసార్లు ఉతికాను. పావుగంటలో ఆరింది. కొత్తదానిలా మెరుస్తూ తీగ మీద ఊగింది. మడిచి, మళ్లీ సంచిలో వేసి మేడమెట్ల కింద పెట్టాను. మా ఆయనకు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

మరుసటి వారం నూలు చిలపలు పట్టుకెళ్లాను. తాత ఒక పోగు తెంపి అగ్గిపుల్ల గీయమన్నాడు. పోగు కొస ముడుచుకుని చిన్న నల్లపూస అయింది. దాన్ని వేలితో నలిపి చూసి, "ఇందులోనూ అదే ఉన్నాది" అన్నాడు. నూలనే చెప్పి అమ్మారు నాకు. ఆ రోజు ఇంటికొచ్చాక నా మూటల్లోంచి, 'కాటన్' అని చీటీ అంటించిన బట్టల్లోంచి ఒక్కొక్క పోగు తీసి కాల్చాను. చాలావాటికి పూసలే వచ్చాయి. బూడిదైనవి నాలుగో ఐదో.

పల్లపు ఊళ్లలో నేతపనివాళ్ల ఇళ్లు తిరిగి, చివరికి అసలు నూలు సంపాదించాను. దసలి పోగు కోడలే పేనింది. పూడిపోయిన మగ్గంగుంట మళ్లీ తవ్వి, నెలన్నరపాటు తప్పులు నేస్తూ, విప్పుతూ, నేస్తూ ముగించింది. తాత నేసినంత నున్నగా లేదు. ఆయన బట్టంతా చేత్తో తడిమి, ఒకచోట ఆగి, "ఇక్కడ రెండు పోగులు దాటేసినావు" అని నవ్వాడు. వాగుకు దూరంగా కొత్త గుంట తీసి, పాత గుంటలోని నల్లమట్టిని ఆ బట్టలో చుట్టి పూడ్చారు. ఊరంతా వచ్చింది. మరునాటి నుంచి అందరూ వాగుదారినే నడిచారు.

పూడ్చి వస్తుంటే తాత అడిగాడు. "ఆ నీలంబట్ట ఏటి సేసినావు?"

"మా ఇంట్లోనే ఉంది తాతా."

అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు. ఇంటికెళ్లి మెట్ల కింద చూస్తే సంచి ఒక్కటే ఉంది.

"అదా?" అన్నారు మా ఆయన. "మూల కాలితే ఆ ముక్క కత్తిరించేశాను. కట్‌పీసుల్లో పెట్టి సీతంపేట సంతకు పట్టుకెళ్లాను. తీసిన గంటలో పోయింది. ఏం, ఎవరికైనా చెప్పి ఉంచావా?"

"ఎవరు కొన్నారు?"

"ఎవరో ఆడమనిషి. ఎందుకలా చూస్తున్నావు?"

అప్పుడు చెప్పాను అంతా. ఆయన ఆ పూట అన్నం తినలేదు. తర్వాతి వారం నేను కూడా సీతంపేట వెళ్లాను. కొన్నవాళ్లు కనిపిస్తే గుర్తుపడతానన్నారు ఆయన. ఆ రోజూ మంచుగానే ఉంది. కొండదారుల వెంట ఆడవాళ్లు బుట్టలతో, పిల్లలతో వరసగా దిగుతున్నారు. అందులో సగానికి సగం మంది ఒంటి మీద అదే నీలం. ఆ ఏడు మాలాంటి వాళ్లమంతా తెచ్చి అమ్మింది ఆ రంగే.

నా ముందు కూర్చున్న ఒకామె చీర అంచు అందుకుని తిప్పి చూశాను. ఆమె చివుక్కున లాక్కుని, "ఏటమ్మా, ఏటి సూత్తన్నావు?" అంది.

"ఏం లేదమ్మా, కుట్టు చూస్తున్నాను" అన్నాను.