ఖాళీగా ఉండే లింగవ్వ చెయ్యి

మా వాడకట్టు లింగవ్వకు కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కడం మొదలై ఏడాదైంది. మా బోధన్‌లో వైద్యం తెలియనివాళ్లెవరూ లేరు కాబట్టి ఆమె జిల్లేడాకు కట్టింది, పసుపునూనె రాసింది, రాగి ఉంగరం కూడా పెట్టుకుంది. ఏం తగ్గలేదు. చివరికి కోడలు సవిత నిజామాబాద్‌లో డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. తోడు నేనూ పోయాను.

మణికట్టులో నరం నలుగుతోందని, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరు చెప్పాడు. "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు.

"ఏం పని లేదు సారూ. ఇంట్లనే ఉంట."

అబద్ధమనుకునేరు! మా దగ్గర పని అంటే బయటికి పోయి చేసేది. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా వెయ్యి బీడీలు చుడితే దాన్ని ఇంట్లో ఉండటం అంటారు. ముప్పై ఏళ్లుగా లింగవ్వ అలాగే ఇంట్లో ఉంది. నేనూ ఉన్నాను. అందుకే ఆ మాట నాకూ తప్పుగా వినబడలేదు.

"అయితే ఇబ్బంది లేదు," అని డాక్టరు మణికట్టు వంగకుండా లోపల రేకు ఉన్న పట్టీ ఇచ్చి, పడుకునేటప్పుడు కట్టుకొమ్మన్నాడు. లింగవ్వ నెలన్నర నిష్ఠగా కట్టుకుంది. తెల్లారగానే విప్పి అంతే నిష్ఠగా చాట ముందు కూర్చుంది. బీడీలు వదులవుతున్నాయని కార్ఖానాలో సగం ఏరి పారేశారు. ఇట్లాగే అయితే బీడీ కార్డు తీసేస్తామన్నారు. కార్డు ఉంటేనే పనీ, పింఛనూ; అది పోతే ముప్పై ఏళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

రెండోసారి పోయినప్పుడు డాక్టరు ఆమెను కళ్లు మూసుకొమ్మని, బొటనవేలికి దూది తాకించి, "తాకితే చెప్పమ్మా," అన్నాడు. రెండుసార్లు తాకించాడు, మూడుసార్లు తాకించాడు.

"ఇంక తాకిస్తలేరేంది సారూ?" అంది లింగవ్వ.

దూది అప్పటికీ వేలి మీదే ఉంది. సవిత ఇక ఆగలేదు. "దినాం వెయ్యి బీడీలు చేస్తది సారూ మా అత్త!"

డాక్టరు తల పట్టుకున్నాడు. మణికట్టులో ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆరు వారాలు పట్టీ పగలు కూడా ఉంచాలన్నాడు, బీడీ ముట్టొద్దన్నాడు. వినకపోతే బొటనవేలి కింద కండ కరిగిపోయి, తర్వాత ఆపరేషన్ చేసినా పట్టు రాకపోవచ్చట.

"మరి నా కార్డో?"

దానికి ఆయన దగ్గర మందు లేదు. బస్సులో సవితే అంది, "నేను చేస్త తియ్ అత్తా. ఆరు వారాలే గదా." ఇంటర్ చదివిన పిల్ల, తనతో బీడీలు చుట్టించొద్దని పెళ్లికి ముందే ఒట్టేయించుకున్న పిల్ల. లింగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

ఆరు వారాలకు తిమ్మిరి తగ్గింది. రైక హుక్కులు తనే పెట్టుకుంటోంది. వైద్యం గొప్పదే, కాదనను. మొన్న సవిత కంచం అందిస్తుంటే లింగవ్వ ఆ చెయ్యి పట్టుకుని కాయలు కాసిన వేళ్ల కొసలు తడిమింది.

"గింత బిర్రుగైనయేందే బిడ్డా?"

సవిత చెయ్యి వెనక్కి తీసుకుంది. "చుట్టుడు మంచిగున్నదని నా పేరు మీద గూడ కార్డు రాసిండ్రత్తా."